డ్రైవర్ లేని కారెక్కే ముందు వైజాగ్‌లో చేయాల్సిన ప్రాక్టీసు

పిల్లలు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఫీనిక్స్‌లోనో ఉంటే, మీరు వెళ్లిన వారంలోపే మీ అబ్బాయి ఫోన్‌లో ఏదో నొక్కి "అమ్మా, వేమో వచ్చింది, ఎక్కు" అంటాడు. వేమో అంటే డ్రైవర్ లేని టాక్సీ, స్టీరింగ్ దగ్గర ఎవరూ ఉండరు. మద్దిలపాలెంలో ఆటో కాస్త అడ్డంగా తిరిగినా "బాబూ, నెమ్మది" అనేవాళ్లకి గుండె జారడం మామూలే. పక్కవాళ్లు ధైర్యం చెబితే ఆ భయం పోదు. కారు ఏం చూస్తోందో, ఎక్కడ తడబడుతుందో తెలిస్తే కొంత తగ్గుతుంది, ఆ పని ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

ముందు ఒక తేడా తెలియాలి. మన దగ్గర ఎక్స్‌యూవీ 700 లాంటి కార్లలో వచ్చే అడాస్, అంటే డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు, షోరూమ్‌లో ఎంత గొప్పగా చెప్పినా, లెవెల్ 2 (కారు తనంతట తను ఎంతవరకు నడపగలదో ఈ లెవెల్ చెబుతుంది). ముందున్న బండిని బట్టి వేగం తగ్గించుకుంటుంది, గీతల మధ్య ఉండేలా స్టీరింగ్‌ని కాస్త సర్దుతుంది, గుద్దేలా ఉంటే బ్రేక్ వేయడానికి చూస్తుంది, అంతే, బాధ్యత మొత్తం డ్రైవర్‌దే. వేమో లెవెల్ 4, అంటే తనకు కేటాయించిన ప్రాంతంలో పూర్తిగా తనే నడుపుకుంటుంది. కాబట్టి ఇక్కడ మీ బావగారు చేతులు వదిలేసి "చూశావా" అని మీ వైపు తిరిగితే, నమ్మకం పెంచుకుంటూ కూర్చోకండి, గట్టిగా అరవండి. అక్కడ మీ భయమే కరెక్టు.

ప్రాక్టీసుకి రుషికొండ నుంచి భీమిలి వైపు, పొద్దున్నే ట్రాఫిక్ పెరగకముందు, గీతలు స్పష్టంగా ఉన్నచోట వెళ్లండి. ముందు సీట్లో కూర్చుని, ముందు బండికి ఎక్కువ దూరం ఉండేలా క్రూజ్ కంట్రోల్ (వేగాన్ని కారే చూసుకునే ఏర్పాటు) సెట్ చేయమనండి. ఇప్పుడు మీ కాళ్లు చూసుకోండి: కుడి పాదం మ్యాట్‌ని తొక్కేస్తూ ఉంటుంది, లేని బ్రేక్ కోసం. రెండు పాదాలూ ఆనించి, తల వెనక్కి వాల్చి, డిస్‌ప్లేలో ముందున్న బండి బొమ్మ పడిందా లేదా అనేది మాత్రం చూడండి. బొమ్మ పడింది, కారు తగ్గింది, మళ్లీ అందుకుంది. కాసేపు ఇదే చూస్తుంటే పాదం దానంతటదే వదులవుతుంది. పక్కనుంచి ఆటో సడన్‌గా దూరితే కారు ఆలస్యంగా పసిగట్టి గట్టిగా బ్రేక్ వేయొచ్చు, అది ముందే తెలిస్తే ఉలిక్కిపడరు. ఎన్ఏడీ జంక్షన్‌లో, సింహాచలం ఘాట్ మలుపుల్లో, కుండపోత వానలో ఈ ప్రయోగాలు వద్దు. అలాంటి చోట గీతలు, బండ్లు సరిగ్గా దొరకవు, కెమెరాకీ రాడార్‌కీ అందనిది కారుకీ తెలియదు.

ఇక అక్కడ. మొదటిసారి పగటిపూట, దగ్గర దూరానికి, ఎవరినైనా తోడు తీసుకుని వెనక సీట్లో కూర్చోండి, ఎందుకంటే స్టీరింగ్ తనంతట తను గిర్రున తిరగడమే అందరినీ ఎక్కువ భయపెడుతుంది. బెల్టు పెట్టుకుని స్టార్ట్ నొక్కాకే బయల్దేరుతుంది. వెనక వాళ్ల కోసం ఉన్న స్క్రీన్‌లో చుట్టూ ఉన్న కార్లు, సైకిళ్లు, రోడ్డు దాటే మనుషులు కనిపిస్తారు. వేమో వాడే జాగ్వార్ కార్లకి 29 కెమెరాలు, రాడార్లు, లేజర్‌తో దూరం కొలిచే లైడార్లు ఉంటాయి, చీకట్లో మనకి ఆనని మనిషి కూడా ఆ బొమ్మలో పడొచ్చు. ఒక మనిషిని మీరు కిటికీలోంచి చూసి, తర్వాత స్క్రీన్‌లో వెతకండి. దొరికిన ప్రతిసారీ టెన్షన్ కాస్త దిగుతుంది.

భయంలో సగం కారుది కాదు, రోడ్డుది. అక్కడ కుడివైపు నడుపుతారు కదా, ఎడమకి తిరిగినప్పుడల్లా రాంగ్ రూట్‌లో దూరినట్టే ఉంటుంది. ముందు మీ అబ్బాయి కారులో కొన్నాళ్లు తిరిగి కళ్లు అలవాటయ్యాకే ఇది ఎక్కండి.

తేడాగా అనిపిస్తే స్క్రీన్ మీద బండి ఆపమనే బటన్, మనిషితో మాట్లాడే బటన్ రెండూ ఉంటాయి. ఆపమన్నా ఉన్నచోటే ఆగదు, సరైన చోటు వెతుక్కుని ఆగుతుంది, కంగారు పడకండి. తప్పులు జరగవా అంటే జరుగుతాయి. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రూజ్ అనే మరో కంపెనీ డ్రైవర్ లేని కారు ఒక మహిళని ఈడ్చుకెళ్లాక కాలిఫోర్నియా దాని అనుమతి ఆపేసింది. 2024లో ఫీనిక్స్‌లో ఒక వేమో కారు కరెంటు స్తంభం లాంటి పోల్‌ని గుద్దితే, కంపెనీ ఆ కార్లన్నిటి సాఫ్ట్‌వేర్ మార్చింది. ఇలాంటివి దాచి "ఏం కాదులే అత్తయ్యా" అనే అల్లుడి మాట కంటే, ఇవి చదివి ఎక్కిన మనిషికే నిలకడ ఎక్కువ.

దిగేటప్పుడు తలుపు తీసే ముందు వెనకనుంచి సైకిల్ వస్తోందేమో చూడండి, సీటు కింద కూడా ఓసారి చెయ్యి పెట్టి చూసుకోండి. డిక్కీలో ఆవకాయ జాడీ వదిలేస్తే వెనక్కి పిలిచి ఇవ్వడానికి అందులో డ్రైవర్ ఉండడు.