మిషన్: స్పేస్ ఎక్కేముందు, ఎక్కాక

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, ఎప్‌కాట్ పార్కులో 2003లో మొదలైన ‘మిషన్: స్పేస్’ను తెర ముందు కుర్చీ ఊగే మామూలు ఆటగా భావించి ఎక్కేవారు చాలామంది ఉంటారు. అందులో అంగారక యాత్రకు తీసుకువెళ్లే ఆరెంజ్ మిషన్ వెనుక ఉన్నది సెంట్రిఫ్యూజ్, అంటే వ్యోమగాములకు శిక్షణ ఇవ్వడానికి వాడే తిరుగుడు యంత్రం లాంటిది. దాని చేతుల చివర 10 చిన్న గదులు ఉంటాయి. గదికి నలుగురు చొప్పున 40 మందిని అది ఒకేసారి తిప్పుతుంది. జొన్నచేలో పిట్టలను తోలేటప్పుడు వడిసెలలోని రాయి దాని అడుగుకు ఎలా ఒత్తుకుంటుందో, ఇక్కడ మనిషి వీపు కుర్చీకి అలాగే ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి భూమ్యాకర్షణకు రెండున్నర రెట్ల దాకా వెళుతుంది కాబట్టి 60 కిలోల మనిషికి తాను 150 కిలోలు ఉన్నట్టు అనిపిస్తుంది.

కాబట్టి అసలు నిర్ణయం వరుసలో నిలబడక ముందే తీసుకోవాలి. తిరగని రకాన్ని 2006లో ప్రవేశపెట్టారు. దానినే 2017లో భూమి చుట్టూ ప్రయాణించే కథతో కొత్తగా తీర్చిదిద్దారు. దాని పేరు గ్రీన్ మిషన్. అందులో గది ఊగుతుంది, వంగుతుంది, కానీ సెంట్రిఫ్యూజ్ తిరగదు. ఆరెంజ్‌కు కనీసం 44 అంగుళాల ఎత్తు, గ్రీన్‌కు 40 అంగుళాల ఎత్తు ఉండాలి. రక్తపోటు, గుండె జబ్బు, మెడ లేదా వెన్ను నొప్పి ఉన్నవారు, గర్భిణులు, బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితేనే కడుపు తిప్పేవారు ఆరెంజ్ జోలికి వెళ్లకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులను మనవడి ముచ్చట కోసం ఇందులో కూర్చోబెట్టే కుటుంబాలను చూశాను. పెద్దవాళ్లు మొహమాటానికి సరేనంటారు. వాళ్ల మందుల డబ్బాలో ఏమున్నదో ఒకసారి గుర్తు చేసుకుని, వద్దని చెప్పే బాధ్యత పిల్లలే తీసుకోవాలి. ఇరుకు గదిలో ఊపిరాడనట్టు అనిపించేవారికి మాత్రం గ్రీన్ కూడా ఊరటనివ్వదు, ఎందుకంటే రెండింటిలోనూ గది అంతే చిన్నది, ముందున్న పలక ముఖానికి బాగా దగ్గరగా వచ్చి ఆగుతుంది.

తిండి విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. భుక్తాయాసంతో ఎక్కడం మొదటిది. వాంతి అవుతుందేమోనన్న భయంతో పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడం రెండవది. ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది. రెండు ఇడ్లీలంత తేలికైన ఆహారం తిని, గంటన్నర గడిచాక ఎక్కడం మేలు. ప్రయాణాల్లో మనవాళ్లు వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర అలవాటున్నవారు, వైద్యుడిని అడిగిన తరువాతే, ముందుగా వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. దానితో మగత కమ్ముతుందనీ, ఆ రోజు కారు నడపవలసినవారు మానుకోవాలనీ గుర్తుంచుకోవాలి.

లోపల నలుగురూ పక్కపక్కన కూర్చుంటారు. కమాండర్, పైలట్, నావిగేటర్, ఇంజనీర్ అని ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఇస్తారు, చెప్పినప్పుడు మీటలు నొక్కమంటారు. నొక్కకపోయినా కంప్యూటరే ఆ పని చేసేస్తుంది కాబట్టి తెలుగులో తర్జుమా చేసుకుంటూ కంగారు పడవలసిన అవసరం లేదు. చేతిలో ఫోను, జేబులో నాణేలు లేకుండా చూసుకుని, భుజాల మీదికి దిగే పట్టీ సరిగా బిగుసుకున్న తరువాత తలను వెనుక ఆనించాలి. ఇక ఆట ముగిసేదాకా ఆ తల అక్కడి నుంచి కదలకూడదు.

ఈ ఒక్క మాటను వివరంగా చెప్పాలి. చెవి లోపల అర్ధవృత్తాకారపు సన్నని నాళాలు మూడు ఉంటాయి. వాటిలోని ద్రవం కదిలితే తల తిరుగుతోందని మెదడుకు తెలుస్తుంది. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ఆ ద్రవం కూడా నాళంతో సమానంగా తిరగడం మొదలవుతుంది, అప్పుడు తిరుగుతున్నామన్న సంగతే మనకు తెలియదు. వీపు మీది ఒత్తిడి మాత్రం మిగులుతుంది. ఎదుటి తెర మీద రాకెట్ పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి మెదడు ఆ ఒత్తిడిని రాకెట్ వేగంగా అర్థం చేసుకుంటుంది. ఈ యంత్రం చేసే మాయ మొత్తం ఇదే. అలాంటి సమయంలో తలను పక్కకు తిప్పితే ఇంతవరకూ నిశ్చలంగా ఉన్న వేరొక నాళంలో ద్రవం ఒక్కసారిగా కదులుతుంది. నిజంగా లేని ఒక పల్టీ అనుభవంలోకి వస్తుంది. ఒప్పులకుప్ప తిరిగే ఆడపిల్లలు ఎదుటి మనిషి ముఖం మీద చూపు నిలిపి తిరుగుతారు. పక్కకు చూసిన పిల్లే ముందుగా తూలుతుంది. ఇక్కడ తెరే ఆ ఎదుటి ముఖం.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పొరపాటు ఇదే. రాకెట్ లేచే ఘట్టంలో పక్క సీటులోని మా బావమరిది “బావా, చెయ్యి లేవట్లేదు చూడు” అన్నాడు. చూశాను. అతని చేయి మీట మీదికి బరువుగా, నీటిలో ఈదుతున్నట్టు వెళ్లడం కనిపించింది. మరుక్షణం నా కడుపు గొంతులోకి వచ్చింది. ఆ తిప్పు మధ్యాహ్న భోజనం దాకా పోలేదు. ఎప్పుడూ ఏ జెయింట్ వీలూ లెక్కచేయని మనిషిని నేను! రెండవసారి తల ఆనించి తెర మధ్యనే చూస్తూ కూర్చుంటే ఏమీ కాలేదు, పైగా ఆ ఒత్తిడిని ఆనందంగా గమనించగలిగాను.

భయం వేసినప్పుడు కళ్లు మూసుకోవడం మనిషికి సహజం. ఇక్కడ మాత్రం అది చేటు చేస్తుంది. కళ్లు మూస్తే తెర ఇస్తున్న ఆధారం పోయి, చెవి, ఒళ్లు చెప్పే పొంతన లేని కబుర్లే మెదడుకు మిగులుతాయి. మరీ కష్టంగా ఉంటే చూపు తెర మీదే ఉంచి, ముఖానికి తగిలే చల్లగాలిని గమనిస్తూ, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. ఒత్తిడి ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. యాత్ర మధ్యలో కాసేపు భారం తగ్గుతుంది. అది ముగిసిందనుకుని తల ఎత్తేవారు, అంగారకుడి మీద దిగే కుదుపులకు తయారుగా ఉండరు. వాంతి సంచులు గదిలోనే ఉంటాయి, వాడుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు.

గది తలుపు తెరుచుకోగానే లేచి పరుగెత్తకూడదు. పట్టీ పైకి వెళ్లాక ఒక క్షణం కూర్చుని, ఎదురుగా ఉన్న కదలని వస్తువును చూసి, ఆ తరువాత లేవాలి. బయటికి వచ్చే దారిలో పిల్లల ఆటల గది ఒకటి ఉంది. మనవాళ్లు అక్కడ ఆడుకుంటున్నంతసేపు గోడవారగా కూర్చుని గుటక గుటకగా నీళ్లు తాగవచ్చు. పక్కనే 2021లో ప్రారంభమైన స్పేస్ 220 అనే రెస్టారెంట్ ఉంది. 220 మైళ్ల ఎత్తుకు లిఫ్టులో వెళ్తున్నట్టు అందులో మరొక భ్రమ కల్పిస్తారు, కాబట్టి అక్కడ బల్ల ముందుగా ఖాయం చేసుకునేవారు యాత్రకు, భోజనానికి మధ్య కనీసం గంట ఖాళీ ఉండేలా చూసుకోవాలి; వీలైతే భోజనాన్ని రాత్రికి పెట్టుకోవాలి.