ఎండాకాలం సెలవుల్లో ఎయిర్‌సాఫ్ట్: గన్ కంటే ముందు చూసుకోవాల్సినవి

ఏప్రిల్ నెలాఖరుకు తిరుపతిలో కాలేజీ పిల్లల పరీక్షలు ఒక కొలిక్కి వస్తాయి. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే అన్నలు సెలవు పెట్టుకుని ఊరికొస్తారు. వాళ్లలో ఎవరో ఒకరి బ్యాగులో ప్లాస్టిక్ పూసలు కాల్చే ఎయిర్‌సాఫ్ట్ గన్ ఉంటుంది. శనివారం సాయంత్రం మేడ మీద నలుగురు దాన్ని పట్టుకుని చూస్తారు. ఆదివారం పొద్దునకల్లా పదిమంది తేలతారు. చంద్రగిరి అవతల ఎవరి మామదో ఒక మామిడి తోపు ఉండనే ఉంటుంది. ఒకరినొకరు పూసలతో కాల్చుకునే ఆట మొదలైపోతుంది. గన్ గురించి అందరికీ అన్నీ తెలుసు. కంటికి ఏం పెట్టుకోవాలి, ఆ తోపులో బావి ఎక్కడుంది అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ ఆటంటే నాకు ప్రాణం. అందుకే సెలవులు మొదలయ్యేలోపు ఇది రాస్తున్నాను.

ఎయిర్‌సాఫ్ట్ గన్‌లోంచి వచ్చేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస. ఆడేవాళ్లు బీబీ అంటారు. మామూలుగా వాడేది 0.20 గ్రాములది. అది సెకనుకు 100 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి ఒక జౌల్. బట్టల మీద తగిలితే చురుక్కుమంటుంది, దగ్గరి నుంచి తగిలితే కందిపోతుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పంటికి తగిలితే పన్ను విరుగుతుంది. కంటికి తగిలితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మూడేళ్ల కిందట, మే నెల. టైమ్ తొమ్మిదిన్నర దాటింది, తోపులో గాలి లేదు. నాకు తమ్ముడి వరస అయ్యే అబ్బాయి ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. గాగుల్స్‌కు లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడటం లేదు. రెండు వేళ్లతో గాగుల్స్‌ను కొంచెం పైకెత్తి, చొక్కా అంచుతో తుడవబోయాడు. అంతే, పట్టుమని రెండు సెకన్లు. అవతలి నుంచి కాల్చినవాడి తప్పేమీ లేదు, వాడికి ఇతని భుజం మాత్రమే కనిపించింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మొదట "ఏం కాలేదన్నా" అన్నాడు. అరగంటకు చూపు మసకబారింది. నల్లగుడ్డు ముందు భాగంలో రక్తం చేరిందన్నారు డాక్టరు. తల ఎత్తులో పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టారు. చూపు తిరిగి వచ్చింది. కానీ ఇలాంటి దెబ్బ తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా కంటిలో ప్రెషర్ పెరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఇప్పటికీ ఏడాదికోసారి వెళ్లి చూపించుకుంటున్నాడు. ఆ రోజు వాడు పెట్టుకున్నవి హార్డ్‌వేర్ షాపులో కొన్న గాగుల్స్.

కంటికి, మూతికి

అందుకే చేతిలో ఉన్న డబ్బులో మొదటి ఖర్చు కంటికే పెట్టండి. గన్ అరువు తెచ్చుకోవచ్చు, గాగుల్స్ మాత్రం అరువు వద్దు. కూలింగ్ గ్లాసులు, బైక్ హెల్మెట్ అద్దం, వెల్డింగ్ షాపులో దొరికేవి ఈ ఆటకు చేసినవి కావు. కొనేటప్పుడు అద్దం మీద, ఫ్రేమ్ మీద చెక్కిన గుర్తు చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 166 ప్రకారం అద్దాన్ని పరీక్షించేది 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండుతోనే. 'ఎఫ్' గుర్తు ఉంటే సెకనుకు 45 మీటర్ల వేగాన్ని తట్టుకుందని, 'బి' ఉంటే 120 మీటర్లను తట్టుకుందని అర్థం. మనకు 'బి' కావాలి. అమెరికా ప్రమాణం అయితే 'జడ్87' పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. గుర్తే లేని దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ఇనుప జాలీ గాగుల్స్‌కు ఆవిరి పట్టదు, అది నిజమే. కానీ పూస పగిలితే ముక్కలు ఆ కన్నాల్లోంచి లోపలికి వస్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో నేను ఏదైనా కొంటాను, గాగుల్స్ మాత్రం కొనను. పాలికార్బనేట్ అద్దాన్ని ఎవరో ఒకరు థిన్నర్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచి ఉంటారు. పైకి తళతళలాడుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే అంచుల దగ్గర, బిగించిన చోట వెంట్రుకల్లాంటి సన్నటి చీలికలు కనపడతాయి. ఆ అద్దం దెబ్బ తగిలిన రోజే పగులుతుంది.

మన ఎండకు, చెమటకు ఆవిరి పట్టడం ఖాయం. రెండు పొరల అద్దం ఉన్నది తీసుకోండి, యాంటీ ఫాగ్ స్ప్రే ముందురోజు రాత్రే కొట్టుకోండి. అయినా పట్టిందా, గాగుల్స్ మీద చెయ్యి వెయ్యకండి. గన్ పైకెత్తి, అరిచి, తల వంచుకుని బయటికి నడవండి. మాస్కు లేనివాళ్లు లోపలికొచ్చినా, ఎవరి గాగుల్స్ ఊడిపోయినా "బ్లైండ్ మ్యాన్" అని అరవాలి. ఆ మాట వినగానే ఎవరు ఏ స్థితిలో ఉన్నా కాల్పులు ఆగిపోవాలి. ఆట మొదలుపెట్టే ముందు అందరిచేతా ఒకసారి అరిపించండి. పళ్ల కోసం కింది మాస్కు కూడా పెట్టుకోండి. పద్దెనిమిదేళ్ల పిల్ల పగిలిన ముందుపన్నుతో ఇంటికి వెళ్తే అమ్మానాన్నలకు ఏం చెప్తాం?

సెకండ్ హ్యాండ్ గన్ కొనేటప్పుడు

మన దగ్గర కొత్త గన్ దొరకడం తక్కువ కాబట్టి ఎక్కువగా చేతులు మారినవే వస్తుంటాయి. "రెండుసార్లే ఆడినా అన్నా" అనే మాట ప్రతి అమ్మేవాడి నోటా విన్నాను. మాట పక్కన పెట్టి ముందు బిల్లు అడగండి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి ఎయిర్ గన్‌లనూ, నమూనా తుపాకులనూ వదిలెయ్యలేదు. "దీనికి లైసెన్స్ అక్కర్లేదు" అని అమ్మేవాడు పంపిన మెసేజ్ పోలీస్ స్టేషన్‌లో చెల్లదు. కొనకముందే మీ ఏరియా స్టేషన్‌కు వెళ్లి అడగండి. బిల్లు, బయటి దేశం నుంచి వచ్చినదైతే దాని కాగితాలు, అమ్మినవాడి ఐడీ కాపీ ఉంటేనే డబ్బివ్వండి.

తర్వాత బ్యాటరీ. కరెంటుతో నడిచే గన్‌లలో ఎక్కువగా 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి చూడండి. అడుగు చదునుగా ఆనాలి. దిండులా ఉబ్బి అటూ ఇటూ ఊగితే ఆ బ్యాటరీని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. మల్టీమీటర్ పెడితే ఒక్కో సెల్ 3 వోల్టుల కంటే కిందికి పడి ఉండకూడదు. ఫుల్ చార్జింగ్ మీద సెల్‌కు 4.2 వోల్టులు ఉంటుంది. వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. రాత్రి చార్జింగ్ పెట్టి పడుకోకండి. మే నెలలో పార్క్ చేసిన కారులో బ్యాటరీ వదిలేస్తే దానంతటదే అంటుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

గన్‌ను చేతిలోకి తీసుకున్నాక నేను మొదట చెవితో చూస్తాను. సింగిల్ షాట్‌లో పదిసార్లు కాల్చండి. ప్రతిసారీ ఒకే శబ్దం రావాలి. మధ్యలో ఒక్కసారి గరగరమన్నా, మోటారు తిరిగి పూస రాకపోయినా, లోపల పిస్టన్ పళ్లు అరిగి ఉంటాయి. తర్వాత స్పీడు కొలిచే క్రోనోగ్రాఫ్. మీ పూసలు మీరే తీసుకెళ్లండి, 0.20 గ్రాములవి, సీల్ తీయని ప్యాకెట్. పది షాట్లలో ఎక్కువకూ తక్కువకూ తేడా సెకనుకు 5 మీటర్లు దాటితే లోపల గాలి ఎక్కడో లీకవుతున్నట్టే, ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించమనండి. కొందరు "450 ఎఫ్‌పీఎస్ అన్నా, అప్‌గ్రేడ్ చేయించినా" అని గొప్పగా చెప్తారు. సెకనుకు 450 అడుగులంటే 0.20 పూసతో దాదాపు 1.9 జౌల్. తోపులో పదీ ఇరవై మీటర్ల దూరంలో ఆడే ఆటకు ఒక జౌల్ చాలు. అంతకు మించినదంతా ఎదుటివాడి ఒంటి మీదే పడుతుంది. ఆ గన్ నాకొద్దు.

గ్యాస్ గన్‌ల సంగతి వేరు. గ్రీన్ గ్యాస్ అంటే సిలికాన్ నూనె కలిపిన ప్రొపేన్. ఎండ పెరిగేకొద్దీ దాని ప్రెషర్ పెరుగుతుంది, స్పీడూ పెరుగుతుంది. పొద్దున్నే కొలిచి ఓకే అన్న గన్‌ను పదిగంటలకు మళ్లీ కొలవాలి. 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లను కారు డ్యాష్‌బోర్డు మీద అసలే పెట్టకండి.

ఆడే చోటు

టికెట్ పెట్టి ఆడించే చోటైతే డబ్బు కట్టకముందు పది నిమిషాలు వల బయట నిలబడి, జరుగుతున్న ఆట చూడండి. ఎవరో ఒకరు మాస్కు ఎత్తుతారు. ఆ క్షణంలో ఆటను చూసుకునే మార్షల్ అరిచాడా, ఆట ఆపాడా? ఫోన్ చూసుకుంటూ ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఎంత మంచి బోర్డులు, ఎంత మంచి ఫొటోలు ఉన్నా సరే. అరిచి ఆపాడంటే మిగతావి అడగొచ్చు: ప్రతి గన్‌నూ స్పీడు కొలిచాకే లోపలికి పంపుతున్నారా, అద్దెకిచ్చే మాస్కుల అద్దాలు ఎలా ఉన్నాయి, మాస్కు తీసే చోటుకు తలకంటే ఎత్తున వల కట్టారా, అంబులెన్స్ లోపలిదాకా రాగలదా.

సొంతంగా తోపులో ఆడేవాళ్లకు పని ఎక్కువ. ముందురోజు రైతును వెంటబెట్టుకుని మొత్తం నడవండి. మన జిల్లాల్లో గట్టు లేని నేలబావులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. చుట్టూ కంప పెరిగి పది అడుగుల దూరం నుంచి కూడా కనపడవు. మసక అద్దంతో పరిగెత్తేవాడికి అసలే కనపడవు. పాత ఎర్రచీర చించి బావి చుట్టూ కట్టండి, ఆ వైపు అసలు ఆడకండి. అడవిపందుల కోసం కంచె తీగకు దొంగగా కరెంటు ఇచ్చే అలవాటు కొన్ని పల్లెల్లో ఉంది. పక్క పొలం వాళ్లను కూడా అడిగి తెలుసుకోండి. పురుగుమందు ఎప్పుడు కొట్టారో అడగండి. తేనెపట్టు ఉన్న చెట్టు కనపడితే ఆ భాగం వదిలేయండి, ఒక్క పూస తగిలితే చాలు. మే నెలలో తోతాపురి కాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది. కొమ్మల కింద ఊతకర్రలు పెట్టి ఉంటారు. వాటిని తన్నుకుంటూ పరిగెత్తితే అది రైతు ఏడాది కష్టం. చెట్టుకు కాయ ఉన్నంతకాలం తోపు అడగకపోవడమే మర్యాద, ఖాళీ చేను చూసుకోండి. ఆడాక పూసలు ఏరేయండి. మేకలు మేసే నేల అది.

వదిలేసిన గ్రానైట్ క్వారీలు చూడటానికి బాగుంటాయి, ఆడటానికి కాదు. బండకు తగిలిన పూస ఎటు తిరుగుతుందో తెలియదు, గుంతల్లో నీళ్లు ఎంత లోతో తెలియదు.

ఇక అడవి. తలకోన దారిలోనో, కల్యాణి డ్యామ్ పక్కనో "ఎవరూ ఉండర్లే" అని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. శేషాచలంలో ఎర్రచందనం కోసం దొంగలు తిరుగుతారు, వాళ్ల కోసం టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంది. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలోనే పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఆ చెట్ల మధ్య, తెల్లవారుజామున, చేతిలో నిజం తుపాకీలా ఉన్నదాన్ని పట్టుకున్న కుర్రాడు దూరం నుంచి ఎలా కనపడతాడో ఒక్కసారి ఊహించుకోండి. అది బొమ్మ అని చెప్పుకునే టైమ్ కూడా ఉండకపోవచ్చు. పర్మిషన్ లేకుండా రిజర్వు ఫారెస్ట్‌లోకి వెళ్లడమే నేరం. పైగా చిరుతలు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాపను చిరుత చంపిన సంగతి మనమెవరమూ మర్చిపోలేదు.

దారిలో కూడా ఇదే జాగ్రత్త. ఆట అయ్యాక పూసలుండే మ్యాగజైన్ తీసినా ఒక పూస గన్ లోపలే ఉండిపోతుంది. నేల వైపు రెండుసార్లు కాల్చి, బ్యాటరీ తీగ ఊడదీసి, మూసిన బ్యాగులో పెట్టండి. గన్ మూతికి నారింజ రంగు ఉంటే నల్లరంగు కొట్టకండి. మిలటరీ డిజైన్ బట్టలు వేసుకుని టీ కొట్టు దగ్గర దిగకండి, మట్టిరంగు టీషర్ట్ చాలు. ఆట నుంచి తిన్నగా కొండకు పోదామనుకునేవాళ్లు ముందు గన్‌లు ఇంట్లో పెట్టి వెళ్లండి. 2003లో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతర పేలిన చోటు అలిపిరి. అక్కడ ప్రతి బండినీ డిక్కీ తెరిపించి చూస్తారు. మీ వెనక లైన్లో ఉన్న ముసలివాళ్లు, పసిపిల్లలు కూడా మీవల్ల ఆగిపోతారు. ఆటకు రెండు రోజుల ముందే స్టేషన్‌లో, ఊళ్లో సర్పంచ్‌కు చెప్పి ఉంచండి.

ఎండ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఆరుకు మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి, ఉప్పు వేసిన మజ్జిగ క్యాన్ పెట్టుకోండి. పాము కరిస్తే కట్లు కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా 108కి ఫోన్ చేసి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కంటికి తగిలితే మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. రుద్దనివ్వకండి, నొక్కకండి, చుక్కలేవీ వేయకండి. పేపర్ టీ కప్పు ఒకటి కంటి మీద బోర్లించి, అంచు ఎముక మీద ఆనేలా, కంటికి తగలకుండా టేపుతో అతికించండి. తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టే తీసుకెళ్లండి. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్లలు ఇవ్వకండి, లోపల రక్తం ఎక్కువ కారుతుంది. అరగంటకు చూపు బాగానే ఉందన్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాల్సిందే, ఎందుకంటే ఆగిన రక్తం రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ కారవచ్చు. దారిలో ఏమీ తినిపించకండి, తాగించకండి. ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి.