మా బంటిగాడి తాయిలం డబ్బా

మా బంటిని తూకం వేసిన రోజు డాక్టర్ గారు కుక్కని వదిలేసి నా వంక చూశారు. ఉండాల్సింది 10 కిలోలు, ఉన్నది 12. "ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు. రెండు పూటలా కొలిచే పెడుతున్నానని చెప్పాను. అబద్ధమేం కాదు. కానీ ఇంటికొచ్చాక అనుమానం వచ్చి, ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించి, బంటికి ఎవరేం పెట్టినా దాని మీద రాయమన్నాను. సాయంత్రానికి కాగితం నిండిపోయింది. వాకింగ్ నుంచి రాగానే మా ఆయన రెండు బిస్కెట్లు. ఆడుకుంటూ మా అబ్బాయి మూడు. మధ్యాహ్నం అత్తయ్య తన కంచంలోంచి ఏదో. రాత్రి టీవీ ముందు కూర్చుని నేను చీజ్ ముక్క. ఎవరికి వాళ్ళం "నేను పెట్టింది ఒక్కటేగా" అనుకుంటున్నాం. వాడు మాత్రం అందరి దగ్గరా విడివిడిగా వసూలు చేసుకుంటున్నాడు.

ఆ మర్నాడే మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఒకటి తీశాను. పొద్దున్నే ఆ రోజు తాయిలమంతా అందులో వేసి ఫ్రిజ్‌లో పెడతాను. ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. అయిపోతే అయిపోయినట్టే. ఇంట్లో నలుగురుంటే ముందు చేయాల్సిన పని ఇదే. ఏం పెట్టాలన్నది తర్వాత చూసుకోవచ్చు.

డబ్బాలో ఎంత వేయాలంటే, పశువైద్యులు చెప్పే లెక్క ఒకటుంది: రోజు మొత్తం క్యాలరీల్లో తాయిలాల వాటా 10 శాతం దాటకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 10 కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు 600 క్యాలరీలు చాలు. అంటే తాయిలానికి 60. నేను రాత్రి పెడుతున్న 20 గ్రాముల చీజ్ ముక్కలోనే దగ్గర దగ్గర 80 ఉన్నాయని తెలిశాక అత్తయ్యని అనడానికి నాకు నోరు రాలేదు. అదే 60లో ఉడికించిన చికెన్ 20 గ్రాములు, క్యారెట్ 30 గ్రాములు, ఆపిల్ 20 గ్రాములు సుఖంగా పట్టేస్తాయి. తాయిలం ఎంత పెడితే అసలు తిండిలో అంత తగ్గించాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

చికెన్‌ని శనగగింజంత ముక్కలుగా కోస్తాను. 20 గ్రాములకి ఇరవై ముక్కల దాకా వస్తాయి, అంటే ఇరవై సార్లు పెట్టొచ్చు. బంటి పెద్ద ముక్కనైనా చిన్న ముక్కనైనా ఒకేలా గుటుక్కున మింగి మళ్ళీ మొహంలోకి చూస్తాడు. అలాంటప్పుడు పెద్ద ముక్క ఎందుకు దండగ?

చికెన్ ఉత్త నీళ్ళలో ఉడికించాలి. ఉప్పు, కారం, నూనె ఏమీ వద్దు. చర్మం, ఎముకలు తీసేయాలి. ఉడికిన ఎముక చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. క్యారెట్, బీన్స్, గుమ్మడికాయ, కీరా కుక్కలకి మంచివి. ఆపిల్ అయితే గింజలు, మధ్య భాగం తీసేసి పెట్టండి. గుడ్డు ఉడికించే పెట్టండి. ఒక్క గుడ్డులోనే 70కి పైగా క్యాలరీలుంటాయి కాబట్టి బంటికి పావు గుడ్డే. కొత్తది ఏదైనా ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టి, రెండు మూడు రోజులు విరేచనం ఎలా ఉందో గమనించండి. ఒకేసారి నాలుగు రకాలు పెడితే ఏది పడలేదో తెలియదు. కిడ్నీ జబ్బు, షుగర్ లాంటివి ఉన్న వాటికి మాత్రం డాక్టర్ని అడగకుండా ఏదీ పెట్టొద్దు.

మా పిల్లి రాణి సంగతి వేరు. ఆపిల్ ముక్క ముందు పెడితే, ఇదేంటి అన్నట్టు చూసి వెళ్ళిపోయింది. పిల్లులకి తీపి రుచే తెలియదు, తీపిని గుర్తించే జన్యువు వాటిలో పనిచేయదు. అది పుట్టుకతోనే మాంసాహారి, తాయిలమైనా మాంసమో చేపో కావాల్సిందే. 4 కిలోల పిల్లికి రోజుకి 200 నుంచి 250 క్యాలరీలు చాలు. తాయిలం వాటా 20 క్యాలరీలకి కొంచెం పైన, అంటే చికెన్ పన్నెండు గ్రాములు. పాలు మాత్రం వద్దు. బొమ్మల పుస్తకాల్లో పిల్లి పక్కన పాలగిన్నె ఎంత ముద్దుగా ఉన్నా, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. తర్వాత శుభ్రం చేసుకోవాల్సింది మనమే.

పొరపాటున కూడా పెట్టకూడనివి తలుపు మీద రాసి పెట్టుకోండి: చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి (పొడి రూపంలో అయినా సరే), మెకడేమియా గింజలు, మద్యం, పులిసిన పచ్చి పిండి. జైలిటాల్ అనే తీపి పదార్థం చూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది. అది కుక్కల రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. డబ్బా మీద పదార్థాల పేర్లు చదవకుండా పీనట్ బటర్ నాకనివ్వొద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఒకసారి మా అబ్బాయి చేతిలోంచి ఎండుద్రాక్ష వేసిన కేకు ముక్క కింద పడింది. నేను వంగేలోపు అది బంటి కడుపులో ఉంది. పైకి హుషారుగానే ఉన్నాడు, ఇంత చిన్న ముక్కకి ఏమవుతుందిలే అనుకున్నాను. అయినా మనసాగక డాక్టర్ గారికి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. ద్రాక్ష కిడ్నీలని పాడు చేస్తుందట, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేరట. ఇంజెక్షన్ ఇచ్చి వాంతి చేయించారు, కారులో ఇంటికొచ్చేదాకా నాకు కాళ్ళలో వణుకు తగ్గలేదు. లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. ఇంట్లోనే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయోగాలు అసలే వద్దు.

ఇక తినే తీరు. నాకు దీని గురించి మాట్లాడటమంటేనే ఇష్టం. బంటి గిన్నె దగ్గర తినడు. నోటినిండా గింజలు తెచ్చుకుని, హాల్లో చాప మీద కక్కి, మేం కనిపించేలా కూర్చుని ఒక్కొక్కటే నములుతాడు. మళ్ళీ వెళ్తాడు, మళ్ళీ తెస్తాడు. రాణి తిన్నాక గిన్నె చుట్టూ గచ్చుని ముందుకాలితో గీరుతుంది, లేని మట్టిని తెచ్చి కప్పుతున్నట్టు. మిగిలింది దాచుకునే పాత అలవాటు అది, తిండి నచ్చలేదని కాదు. పైగా అది రోజంతా కొంచెం కొంచెంగా తినే రకం. రెండు పూటలే పెట్టి పళ్ళెం ఎందుకు ఖాళీ చేయలేదని టెన్షన్ పడేదాన్ని. ఇప్పుడు అదే కొలతని ఐదు భాగాలు చేశాను.

గబగబా మింగే కుక్క అయితే, పెద్ద గిన్నె మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ తిండి వేయండి. లేదా పాత తువ్వాలు పరిచి, గింజలు చల్లి, వదులుగా చుట్టి ఇవ్వండి. బంటికి మొదటిసారి ఇచ్చినప్పుడు పైన మూడుసార్లు మొరిగాడు, తర్వాత ముక్కుతో ఒక్కో మడతా తోసుకుంటూ పావుగంట కష్టపడ్డాడు. అంతా అయ్యాక సాయంత్రం దాకా హాయిగా పడుకున్నాడు. తువ్వాలుని చింపి మింగే అలవాటున్న వాటికి ఇది వద్దు. తినేటప్పుడు గుర్రుమనే కుక్క గిన్నె లాక్కోకండి. దూరంగా నడుస్తూ అంతకంటే రుచైన ముక్క విసిరి వెళ్ళిపోండి, మనిషి వస్తే ఏదో పోతుందన్న భయం మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోతే శిక్షణ తెలిసినవాళ్ళని పిలవండి.

రోజూ చూస్తూ ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది. పోయిన ఏడాది బంటి క్యారెట్ ముక్క నోట్లో పెట్టుకుని, కింద పడేసి, తల వంచి రెండో వైపుతో తీసుకున్నాడు. మర్నాడూ అంతే. నోరు తెరిపించి చూపిస్తే ఎడమవైపు వెనక పన్ను చీలి ఉంది. పిల్లి అయితే ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఇంక ఆగొద్దు, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి. తిండి ఆగితే వాటి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికంటే కష్టమైంది అత్తయ్యని ఒప్పించడం. "పాపం అమ్మా, అది అలా చూస్తుంటే నాకు ముద్ద దిగదు" అంటారు. ఆవిడ తప్పు కాదు, వాడి చూపే అలాంటిది. కానీ కంచంలోంచి పది రోజులకి ఒక్కసారి పెట్టినా, మిగిలిన తొమ్మిది రోజులూ ఆశతో అక్కడే కూర్చుంటాడు. అందుకని వాదన మానేసి, డబ్బా ఆవిడ చేతికే ఇచ్చేశాను. భోజనం అయ్యాక, చెయ్యి కడుక్కుని, బంటి చాప మీద కూర్చుంటేనే రెండు ముక్కలు. వారం తిరక్కుండానే ఆవిడ కంచం ముందు కూర్చోగానే వాడు చాప మీదికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఐదు నెలల్లో 10 కిలోల 400 గ్రాములకి దిగాడు.

రాత్రి ఆఖరి ముక్క అయ్యాక ఖాళీ డబ్బా వాడికే చూపిస్తాం. ముక్కు లోపలికంటా పెట్టి చూస్తాడు. నమ్మకం కుదరక మూత కూడా వాసన చూస్తాడు. అప్పుడు గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి వెళ్ళి పడుకుంటాడు.