ప్రోగ్రెసివ్ కళ్లజోడు కుదరడం లేదా? తల ఎటు పోతోందో చూడండి

చత్వారం వచ్చి తొలిసారి ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకున్నవాళ్లు ఇబ్బందిగా ఉందని వెళ్తే, షాపులో సాధారణంగా వినిపించే మాట: "పదిహేను రోజులు వాడండి, అదే అలవాటవుతుంది." పక్కచూపులో మసక, తల తిప్పితే గది ఊగినట్టు ఉండడం చాలామందికి నిజంగానే రెండు వారాల్లో సర్దుకుంటాయి. అద్దం రెండు మిల్లీమీటర్లు పైకో పక్కకో బిగిస్తే మాత్రం ఆరు నెలలైనా కుదరదు, మెడనొప్పి అలవాటవుతుందంతే. ఏది సర్దుకునేది, ఏది కాదో మీ తలే చెబుతుంది. స్పష్టంగా చూడడానికి అది ఎటు పోతోందో గమనించండి.

ముందు అద్దం సంగతి

పైభాగం దూరానికి, అడుగుభాగం చదవడానికి. మధ్యలో పవర్ మెల్లగా పెరుగుతూ దిగే దారి పేరు కారిడార్. స్పష్టంగా కనిపించే భాగమంతా కలిపి చూస్తే డమరుకంలా, నడుము దగ్గర సన్నగా ఉంటుంది. ఆ నడుముకు రెండు పక్కలా అక్కర్లేని సిలిండర్ పవర్ (చూపును మసకబరిచేది ఇదే) చేరుతుంది. కారిడార్ వెంట పవర్ పెరిగే వేగానికి రెట్టింపు వేగంతో ఈ సిలిండర్ పక్కలకు పెరుగుతుందని 1963లో మింక్‌విట్జ్ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూపాడు.

యాడ్ (చదవడానికి దూరం పవర్‌కు అదనంగా కలిపే పవర్) 2.00, కారిడార్ 14 మి.మీ. అనుకుందాం. కిందికి మిల్లీమీటరుకు 0.14 చొప్పున పెరిగితే పక్కకు 0.28. నడి గీత నుంచి మూడున్నర మి.మీ. జరిగేసరికి ఒక డయాప్టర్ (పవర్‌ను కొలిచే యూనిట్) సిలిండర్ వచ్చేస్తుంది. కారిడార్ 10 మి.మీ. అయితే రెండున్నర మి.మీ.లోనే. అందుకే పొట్టి ఫ్రేములో, పొట్టి కారిడార్‌లో ఇబ్బంది ఎక్కువ. "ఈ ఖరీదైన మోడల్‌లో పక్క మసకే ఉండదు" అని ఎవరన్నా నమ్మకండి. మంచి డిజైన్ ఆ మసకను ఎక్కడికి నెట్టాలో తెలివిగా ఎంచుకుంటుంది, లేకుండా మాత్రం చేయలేదు.

దూరం మసక, గడ్డం దించితే స్పష్టం

అద్దం ఎత్తుగా కూర్చుంది. నిటారుగా చూస్తున్నప్పుడే చూపు కారిడార్‌లోకి దిగిపోతోంది. నోస్ ప్యాడ్లు కొంచెం వెడల్పు చేయిస్తే ఫ్రేమ్ కిందికి జారి సరిపోవచ్చు. తల ఎలా పెట్టినా దూరం మసకగానే ఉంటే బిగింపును అనుమానించే ముందు పవరే మళ్లీ పరీక్ష చేయించండి.

బిగింపు తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దం మీద కంటికి ఆనీ ఆనని రెండు చెక్కుడు గుర్తులు ఉంటాయి, వాటి మధ్య దూరం 34 మి.మీ. వెలుతురుకు ఎదురుగా వంచి చూస్తే దొరుకుతాయి. కణత వైపు గుర్తు కింద యాడ్ అంకె కూడా ఉంటుంది, చీటీలో రాసినదానితో పోల్చుకోండి. ఆ గుర్తులను బట్టి, కంపెనీ చార్టు మీద పెట్టి ప్లస్ గుర్తు మళ్లీ గీయమని షాపులో అడగండి. జోడు పెట్టుకుని ఎదురుగా చూసినప్పుడు ఆ ప్లస్ సరిగ్గా కనుపాప మధ్యలో పడాలి. పడకపోతే ఇక వాదనలు అక్కర్లేదు.

చదవాలంటే గడ్డం ఎత్తాలి, లేదా జోడు చేత్తో పైకి లేపాలి

ఇది పై సమస్యకు తిరగబడ్డ రూపం. ప్యాడ్లు దగ్గర చేయించండి, కాడలు వదులై జారుతుంటే బిగించమనండి. ఫ్రేమ్ అడుగు అంచు బుగ్గల వైపు 8 నుంచి 12 డిగ్రీలు వంగి ఉండేలా సర్దితే చదివే భాగం కంటికి దగ్గరై వెడల్పుగా తోస్తుంది. చాలా షాపుల్లో ఈ వంపు పట్టించుకోరు. అయిదు నిమిషాల పని, దానికే సగం ఫిర్యాదులు తీరతాయని నా నమ్మకం. కనుపాప నుంచి ఫ్రేమ్ అడుగుదాకా డిజైన్ అడిగిన ఎత్తు (మామూలుగా 14 నుంచి 18 మి.మీ.) లేకపోతే మాత్రం, కోతలోనే చదివే భాగం పోయినట్టు. దానికి సర్దుబాటు లేదు, ఫ్రేమే మార్చాలి.

పుస్తకం పక్కకు జరిపితేనే అక్షరాలు తేరుకుంటున్నాయి

ఒక్కో కన్ను మూసి చూడండి. కుడికంటికి ఒకచోట, ఎడమకంటికి మరోచోట స్పష్టంగా ఉంటే పీడీ (కనుపాపల మధ్య దూరం) కొలత తప్పింది. ముక్కు ఎప్పుడూ ముఖానికి నట్టనడుమ ఉండదు. మొత్తం 63 మి.మీ. ఉంటే ముక్కు నుంచి ఒక పక్క 31, ఇంకో పక్క 32 కావచ్చు. ప్రోగ్రెసివ్‌కు ఏ కంటికి ఆ కంటి కొలతే తీయాలి. అద్దాలు మళ్లీ చేయించడమే మార్గం, ఆ ఖర్చు మీది కాదు.

కంప్యూటర్ ముందు మెడ పట్టేస్తోంది

తప్పు ఎవరిదీ కాదు. 65 సెం.మీ. దూరంలోని తెరకు యాడ్‌లో దాదాపు సగం కావాలి, అది దొరికేది సరిగ్గా ఆ సన్నని నడుములో. తెర పై అంచు కంటి మట్టానికి బాగా కిందకు ఉండేలా దించండి. రోజంతా అదే పనైతే ఆఫీసు లెన్సులని వేరే జోడు దొరుకుతుంది. మధ్య దూరం, దగ్గర వెడల్పుగా ఉంటాయి. బండి నడపడానికి అది పనికిరాదు.

మెట్లు దిగుతుంటే నేల పైకి వస్తోంది

అడుగుభాగం 40 సెం.మీ. దూరానికి చేసింది, మీ పాదం మీటరున్నర దూరంలో ఉంది. తల దించి పైభాగంలోంచి చూడండి, చేయి పిట్టగోడ మీదో కమ్మీ మీదో ఉంచండి. బయట ఎక్కువ తిరిగే పెద్దవాళ్లకు నడకకు దూరపు పవర్ ఒక్కటే ఉన్న జోడు వేరుగా ఉంచుకోవడం మంచిది.

అక్షరాల అంచుల్లో రంగులు

పాలికార్బొనేట్ లెన్సు కావచ్చు. దాని అబ్బే సంఖ్య (ఇది తగ్గేకొద్దీ రంగులు ఎక్కువ విడిపోతాయి) 30, మామూలు ప్లాస్టిక్ లెన్సు సీఆర్-39కి 58. ఎక్కువ పవర్‌లో తేడా తెలుస్తుంది.

కుదరకపోతే మార్చిచ్చే గడువు చాలా కంపెనీలు ఇస్తాయి. అది ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. ఒక కంటికే, అదీ పాత జోడుతోనూ, సరళ గీతలు మధ్యలో వంకరగా కనిపిస్తుంటే షాపుకు కాదు, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరకు వెళ్లి రెటీనా చూపించుకోండి.