నల్లేరు వంట, మూడో పాఠం: దురద విరిచి పచ్చడి నూరడం

పోయిన పాఠంలో కంచె మీది నల్లేరును గుర్తుపట్టడం నేర్చుకున్నాం కదా: నాలుగు పలకల కాడ, కణుపు దగ్గర నొక్కు, ఆకుకి ఎదురుగా నులితీగ (ద్రాక్ష కుటుంబం మరి), తెంపితే నీళ్లే తప్ప పాలు రావు. పాలు కారితే అది జెముడు, ముట్టుకోకండి.

ముందు రెండు చేతులకీ నూనె పట్టించండి. నేను మొదటిసారి ఆ పని చెయ్యలేదు, సాయంత్రం దాకా వేళ్ల సందులు మండుతూనే ఉన్నాయి. కాడ నిండా సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చామదుంపతో దురద పుట్టేదీ వీటివల్లే.

కొస నుంచి మూడు నాలుగు కణుపులే కొయ్యండి. వంచగానే టక్కున విరగాలి, నార వేలాడితే ముదురు, వదిలెయ్యండి. వానల్లేని రోజుల్లో ఈ తీగ ఆకులు రాల్చేసి కాడలో దాచుకున్న నీళ్లతోనే నెట్టుకొస్తుంది, కాడ పగలు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీల్చుకుంటుంది, అందుకే అంత ఎండకీ చావదు. కానీ అప్పటి కాడ పచ్చడికి పనికిరాదు, తొలకరి తర్వాత వేసిన లేత కొసలే కావాలి. 'నల్లేరు మీద బండి నడక' అని ఎందుకన్నారో ఆ లేత కాడ చేతిలో విరిగినప్పుడు తెలుస్తుంది.

కణుపులు కోసి పారేసి, చిక్కుడుకాయ ఈనె లాగినట్టు నాలుగు అంచుల నారా లాగెయ్యండి. అంగుళం ముక్కలు చాలు.

ఇక వేయించడం. పచ్చడి బాగోలేదన్నవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. రెండు చెంచాల నూనె, సన్నని సెగ. మొదట జిగురు ఊరి ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, చిటపటలాడతాయి, అయినా కదుపుతూనే ఉండండి, కాసేపటికి ఆ చప్పుడు తగ్గి, పచ్చరంగు గోధుమరంగుకి తిరిగి, పలకలు ముడుచుకుంటాయి. అప్పుడు చిన్న ముక్క చల్లార్చి నాలుక కొసకి తాకించండి, చిమచిమలాడితే మళ్లీ బాణలిలోకే.

గుప్పెడు ముక్కలకి ఆరు ఎండుమిర్చి, చెంచాడు మినప్పప్పు, చెంచాడు నువ్వులు, కాస్త జీలకర్ర వేయించి, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరండి. పులుపు మాత్రం తగ్గించొద్దు, మిగిలిన దురదని విరిచేది అదే. పైన ఇంగువ తాలింపు, వేడన్నంలో నెయ్యి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

వచ్చే పాఠం నల్లేరు పొడి. ఈలోగా మరో గుప్పెడు ముక్కలు ఇలాగే నార తీసి ఎండలో పెట్టి ఉంచండి.