మొదటి ఆర్‌సీ విమానం: ఫోమ్‌బోర్డుతో కట్టడం, ఎగరేయడం, క్షేమంగా దింపడం

మొదటి ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానానికి అందం అక్కర్లేదు. నెమ్మదిగా ఎగరాలి, చేతిలోని రిమోట్ (ట్రాన్స్‌మిటర్) స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకోవాలి, కింద పడితే అరగంటలో అతికించేలా ఉండాలి. చూడగానే మనసు లాగే ఫైటర్ జెట్ బొమ్మలు ఈ మూడింట్లో ఒక్కటీ చెయ్యవు. రెక్క పైన ఉండి, ఐలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) లేకుండా, థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే అడ్డతోక పలక), రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక) అనే మూడు చానెళ్లతో నడిచే ఫోమ్‌బోర్డు విమానం మూడూ చేస్తుంది. కింది కొలతలన్నీ దానివే.

సామాను

5 మి.మీ. మందం, 76 × 50 సెం.మీ. ఫోమ్‌బోర్డు (రెండు వైపులా కాగితం అంటించిన ఫోమ్) షీట్లు నాలుగు. 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. దానికి 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 3ఎస్ (మూడు సెళ్లు వరసగా కలిపిన) 1300 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 9 × 4.7 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ప్రొపెల్లర్ సరిపోతాయి. ప్రొపెల్లర్లు మాత్రం నాలుగైనా కొనండి, అవే ముందు విరుగుతాయి. 9 గ్రాముల సర్వోలు (తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) రెండు, 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్, మోటారు బిగించడానికి 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క, పుష్‌రాడ్లకి (సర్వోని పలకకి కలిపే కడ్డీలకి) సన్నటి స్టీలు తీగ. అన్నీ కలిపి 600 గ్రాములకి అటూ ఇటూ ఉండాలి, 700 దాటనివ్వకండి.

అతికించడానికి హాట్ గ్లూ చాలు. మామూలు సూపర్ గ్లూ వాడితే ఫోమ్ కళ్లముందే కరిగి గుంట పడుతుంది, ఫోమ్‌కి పనికొచ్చే రకం వేరే దొరుకుతుంది. మోటారు ప్లైవుడ్‌కి మాత్రం ఎపాక్సీయే వాడండి. ఎండలో నిలిపిన కారులో హాట్ గ్లూ మెత్తబడి, మైదానం చేరేసరికి మోటారు ఊగుతూ ఉంటుంది.

రెక్క

ఎక్కువ టైము ఇక్కడే పెట్టండి. రెక్క మొత్తం పొడవు 110 సెం.మీ., వెడల్పు 20. ఒక్కో సగానికి 55 × 42 సెం.మీ. ముక్క కోసి, మధ్యలో మడవాల్సిన చోట లోపలి కాగితాన్నీ ఫోమ్‌నీ కోసి, బయటి కాగితం మాత్రం వదిలేయండి. ముందు అంచు నుంచి 6 సెం.మీ. దూరంలో, 15 మి.మీ. ఎత్తున్న ఫోమ్ పట్టీని నిలువునా పొడుగంతా అతికించండి. పై భాగాన్ని దాని మీదుగా వంచి, వెనక అంచు దగ్గర గ్లూ పెట్టి మూసేయండి. గ్లూ గట్టిపడేదాకా చదునైన బల్ల మీద పుస్తకాల బరువు కింద ఉంచాలి. చేత్తో పట్టుకుని ఆరబెడితే రెక్క మెలిపడుతుంది. మెలిపడిన రెక్కని ట్రిమ్‌తో (పలకల మధ్యస్థానాన్ని ట్రాన్స్‌మిటర్ నుంచి కొద్దిగా జరిపే సర్దుబాటుతో) సరిచేద్దామంటే ఒక వేగం దగ్గర కుదురుతుంది, ఇంకో వేగం దగ్గర తిరగబడుతుంది.

రెండు సగాల్ని కలిపేటప్పుడు ఒకటి బల్ల మీద పడుకోబెట్టి, రెండోదాని కొసని 11 సెం.మీ. పైకెత్తి కింద ఏదైనా ఆనించండి. ఆ కోణానికి తగ్గట్టు కోసిన ప్లైవుడ్ ముక్కని రెండు పట్టీలకీ ఎపాక్సీతో అతికించాలి. ఇంత వంపు చూసి బెంబేలు పడనక్కర్లేదు. ఐలెరాన్లు లేని విమానం రడ్డర్‌తో ఒరిగేదీ, ఒరిగాక తిరిగి లేచేదీ దీని వల్లే.

బాడీ 75 సెం.మీ. పొడుగు డబ్బా. అడ్డతోక ఎలివేటర్‌తో కలిపి 44 × 10 సెం.మీ., నిలువు తోక రడ్డర్‌తో కలిపి 200 చదరపు సెం.మీ. రెక్క వెనక అంచుకీ అడ్డతోకకీ మధ్య 40 సెం.మీ. పైచిలుకు ఉండాలి. రెక్క అడుగు, అడ్డతోక పక్క నుంచి చూస్తే సమాంతరంగా కనిపించాలి. రెక్కని గ్లూతో అతికించకండి. బాడీలో అడ్డంగా గుచ్చిన పుల్లలకి రబ్బరు బ్యాండ్లు ఎనిమిది అడ్డదిడ్డంగా లాగి కడితే, దెబ్బ తగిలినప్పుడు రెక్క జారుతుందే కానీ విరగదు.

మోటారుని తిన్నగా బిగిస్తే థ్రాటిల్ పెంచినప్పుడల్లా ముక్కు లేస్తుంది, ఎడమకి లాగుతుంది. వెనక నుంచి చూస్తే పైవైపు, ఎడమవైపు స్క్రూల కింద 1 మి.మీ. వాషర్లు పెట్టండి. మోటారు రెండు డిగ్రీలు కిందికీ, రెండు డిగ్రీలు కుడికీ చూస్తుంది, గోల తగ్గుతుంది.

సీజీ (గురుత్వ కేంద్రం): ఇది తప్పితే మిగతావన్నీ వృథా

రెక్క ముందు అంచు నుంచి 5 సెం.మీ. దగ్గర, అడుగున రెండు వైపులా పెన్నుతో గుర్తు పెట్టండి. బ్యాటరీ, ప్రొపెల్లర్‌తో సహా అన్నీ ఉండాల్సిన చోట పెట్టి, రెండు చూపుడు వేళ్ల మీద ఆ గుర్తుల దగ్గర విమానాన్ని ఎత్తండి. ముక్కు ఒక్క పిసరు కిందికి వాలి నిలవాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకి జరపండి, ఇంకా వాలితే ముక్కులో బరువు పెట్టండి. బరువు పెరుగుతుందని మొహమాటపడొద్దు. ముక్కు బరువైన విమానం బద్ధకంగానైనా ఎగురుతుంది. తోక బరువైంది విసిరీ విసరగానే ముక్కెత్తి, ఆగి, ఒక పక్కకి కూలుతుంది. బ్యాటరీ చోటు ఖాయమయ్యాక అక్కడ గీత గీసి, పట్టీతో బిగించండి.

సర్వోలు, రేడియో

ఈ సెట్టింగులన్నీ ప్రొపెల్లర్ తీసేసి చెయ్యండి. ఎలివేటర్ పైకీ కిందికీ 12 మి.మీ., రడ్డర్ అటూ ఇటూ 25 మి.మీ., రెండింటికీ ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర కదలికని మెత్తబరిచే సెట్టింగు) 30 శాతం. హార్న్ (పుష్‌రాడ్ తగిలించే, పలక మీది చిన్న కొమ్ము) రంధ్రాలు సరిగ్గా కీలు గీత మీదికి రావాలి, లేకపోతే ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కదులుతుంది. రడ్డర్‌ని కుడి స్టిక్‌కే కేటాయించండి, రేపు ఐలెరాన్లకి మారినప్పుడు వేలి అలవాటు మారనక్కర్లేదు.

విమానం వెనక నిలబడి చూడండి: స్టిక్ కుడికి నొక్కితే రడ్డర్ వెనక అంచు కుడికి రావాలి, స్టిక్ మీవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇది ప్రతి ఎగురుడికీ ముందు చెయ్యాల్సిందే. మోటారు ఎదురు తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెండైనా మార్చండి. ప్రొపెల్లర్ బిగించేటప్పుడు అంకెలున్న ముఖం విమానం వెళ్లే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెట్టినా తిరుగుతుంది, గాలీ వస్తుంది, విమానం మాత్రం లేవదు. మోటారు బలం చాలడం లేదని కొత్తవాళ్లు అనుకునేది చాలాసార్లు ఇదే. ప్రొపెల్లర్ బిగించకముందే, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి, మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారుని ఆపే ఏర్పాటు) సెట్ చెయ్యనట్టే.

లైపోని బ్యాలెన్స్ చార్జర్‌తోనే (సెళ్లన్నిటినీ సమంగా నింపేదానితో), 1300 ఎంఏహెచ్‌కి 1.3 ఆంపియర్ల దగ్గర చార్జ్ చెయ్యండి, పక్కనే ఉండండి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3.5 కిందికి దిగకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు.

మైదానంలో

మనుషులు, కరెంటు తీగలు, విమానాశ్రయాలు లేని చోటు, కాస్త ఎత్తు గడ్డి, గంటకి 10 కిలోమీటర్లు మించని గాలి. ముందు మోటారు లేకుండా, గాలికి ఎదురుగా, తిన్నగా విసరండి. నేరుగా జారుతూ దిగితే సరే. ముక్కెత్తి పడితే తోక బరువు. ముక్కు గుచ్చితే ముక్కు బరువు, లేదా మీరు మెల్లగా విసిరారు.

తర్వాత థ్రాటిల్ ముప్పాతిక, మళ్లీ గాలికి ఎదురు. విసిరేది సాయం వచ్చినవాళ్లు, స్టిక్కుల మీద మీ వేళ్లు. ఆకాశంలోకి కాదు, దూరంగా కనిపించే గడ్డి అంచు ఎత్తుకి విసరాలి. 30 మీటర్లు ఎక్కేదాకా తిప్పొద్దు. అక్కడ థ్రాటిల్ సగానికి దించి, వేళ్లు తీసి, ఎటు లాగుతోందో చూసి ట్రిమ్ చెయ్యండి.

విమానం మీవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్‌ని ఆ వైపుకే నొక్కండి, వాలిన రెక్క కింద కర్ర ఆనించినట్టు. సిమ్యులేటర్‌లో పది గంటలు ఇదొక్కటే సాధన చేసినా ఒక విమానం ఖరీదు మిగులుతుంది. తడబడితే థ్రాటిల్ తగ్గించి స్టిక్కులు వదిలేయండి, ఎత్తు ఉంటే అదే సర్దుకుంటుంది.

టైమర్ ఆరు నిమిషాలకి పెట్టుకోండి. దిగేటప్పుడు గాలికి ఎదురుగా తిప్పి, ఎత్తుని థ్రాటిల్‌తో తగ్గించండి. దూరం చాలేలా లేదనిపించి ఎలివేటర్ లాగితే వేగం పోయి మనిషెత్తు నుంచి రాయిలా పడుతుంది. అప్పుడు కొంచెం థ్రాటిల్ ఇవ్వాలి. నేలకి అర మీటరు ఎత్తులో మోటారు ఆపి, ఎలివేటర్ రవ్వంత లాగితే చాలు.

దిగాక ముందు బ్యాటరీ విప్పి, ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్ ఆపండి. ముక్కు మీద పడి ఉంటే మోటారు షాఫ్ట్‌ని వేలితో తిప్పి వంగిందేమో చూడండి, గీటు పడిన ప్రొపెల్లర్ మార్చేయండి, రెక్కని మళ్లీ వెనక నుంచి చూసి మెలిక వెతకండి. గ్లూ వాడి అతికించి ఉంటే సీజీ మళ్లీ వేళ్ల మీద చూసుకోవాలి, తోక దగ్గర పెరిగిన పది గ్రాములు కూడా లెక్కలోకొస్తాయి.