పాత కారు బెల్టు కూత – 3వ పాఠం: నీళ్ల పరీక్ష

కిందటి పాఠంలో ఇంజిన్ ఆపి, ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం), ఏసీ లాంటివాటిని తిప్పే బెల్టును వేళ్లతో తడిమి చూశాం. ఈసారి ఇంజిన్ నడుస్తుంటే చెవికి పని పెడదాం.

కూతలు ముఖ్యంగా రెండు రకాలు. 'కీ…' మని సాగదీసినట్టు, తెగకుండా వచ్చేది ఒకటి. పిచ్చుకలా 'కిచ్ కిచ్' మని తెగి తెగి వస్తూ, ఇంజిన్ వేగం పెరిగితే తానూ జోరందుకునేది ఇంకొకటి. మొదటిది వినిపిస్తే బెల్టు జారుతోందేమో చూడాలి, పుల్లీ (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రం) మీద దానికి పట్టు చాలట్లేదు. రెండోదైతే పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయో లేవో చూడాలి. వరుస తప్పితే బెల్టు గాడిలోకి పక్కగా రాసుకుంటూ దిగుతుంది.

కూత ఎప్పుడు వస్తోందన్నది ఇంకా పెద్ద ఆధారం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు కూసి ఆగిపోతోందా? స్టార్టర్ వాడేసుకున్న కరెంటును బ్యాటరీకి తిరిగి నింపడానికి ఆల్టర్నేటర్ ఆ క్షణాల్లో గట్టిగా పనిచేస్తుంది, ఆ బరువుకు వదులు బెల్టు జారుతుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడే కూస్తే పవర్ స్టీరింగ్ పంపు బరువు (హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న కార్లలో), ఏసీ వేయగానే కూస్తే కంప్రెసర్ బరువు.

ఇక నీళ్లు. స్ప్రే సీసాలో మామూలు నీళ్లు పోసుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. వదులు చొక్కా చేతులు, చున్నీ, జడ, గొలుసు ఏవీ బెల్టు దరిదాపులకు రాకూడదు. కరెంటు ఫ్యాను ఉన్న కార్లలో అది చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి. కూత వస్తుండగా, చేయి దూరంగా ఉంచి, బెల్టు గాడుల వైపు ఒకే ఒక్క చిమ్ము కొట్టండి.

కూత ఇంకా పెరిగిందా, బెల్టు వదులే. ఉన్న కాస్త పట్టునూ నీళ్లు తీసేశాయి. కూత ఆగి, తడి ఆరగానే మళ్లీ మొదలైందా, పుల్లీల వరుస తప్పింది. ఏ మార్పూ లేకపోతే చప్పుడు బెల్టుది కాకపోవచ్చు, ఏదో పుల్లీ బేరింగును (పుల్లీ సాఫీగా తిరిగేలా చేసే లోపలి భాగం) అనుమానించాలి.

నీళ్ల బదులు గ్రీజు, నూనె, బెల్టు మీద కొట్టే జిగురు స్ప్రే వాడకండి. స్ప్రేతో కూత కొన్నాళ్లు అణుగుతుంది, కారణం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. నూనె రబ్బరునే పాడుచేస్తుంది.

వదులని తేలితే పాత రకం వి-బెల్టును (అడ్డంగా కోస్తే 'వి' ఆకారంలో ఉండేది) మీరే బిగించొచ్చు. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలా కార్లలో సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. మీ కారు మాన్యువల్ వేరే అంకె చెబితే అదే లెక్క. మరీ బిగిస్తే కూత పోతుంది గానీ ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు అరిగిపోతాయి. ఇది నాకు చాలా ముఖ్యమనిపించే సంగతి, ఎందుకంటే కూత ఆగిందన్న సంతోషంలో బిగింపును ఎవరూ మళ్లీ చూడరు. గాడుల బెల్టుకు (లోపలి వైపు పొడవునా సన్నని గాడులుండేది) స్ప్రింగు టెన్షనర్ (బెల్టును తనంతట తానే బిగువుగా పట్టి ఉంచే చెయ్యి) ఉంటే బిగించడానికేమీ ఉండదు. ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా టెన్షనర్ చెయ్యి ఎగిరెగిరి పడుతోందేమో చూడండి. పడుతుంటే అనుమానం ముందు దాని మీదకే పోవాలి.

బెల్టు మార్చేముందు దాని మీద కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గానీ నూనె గానీ కారిందేమో వెతకండి. వాటర్ పంపు నుంచి చుక్కలు పడుతుంటే కొత్త బెల్టు కూడా కొద్దిరోజుల్లోనే కూస్తుంది. ముందు కారడం ఆపాలి, తర్వాతే బెల్టు.

వచ్చే పాఠంలో బెల్టు విప్పి, ఒక్కో పుల్లీని చేత్తో తిప్పుతూ బేరింగుల గరగర వినడం నేర్చుకుందాం. అప్పటికి ఒక కాగితం మీద మూడు సంగతులు రాసి ఉంచండి: చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, ఏసీ వేసినప్పుడు, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కూత ఎలా ఉందో. నీళ్ల పరీక్షలో ఏం జరిగిందో దాని కిందే రాయండి.